సామాన్ల గదిలో గుసగుస

బద్వేలు,
4 ఆగస్టు 2024

వాసవీ,

ఫోన్ చేస్తే తీయడం లేదని నీకు కోపం వచ్చిందని తెలుసు. తీసినా లాభం లేదే. రెండేళ్లుగా చెవులు సరిగా పనిచేయడం లేదు. కుడిచెవి దాదాపు పోయింది. ఎడమ చెవికి మిషన్ పెట్టుకున్నాను. మనిషి ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి సగం పోల్చుకుంటాను. ఫోన్లో ఎవరు మాట్లాడినా గుసగుసలాడినట్టే ఉంటుంది. మొన్న మా ఆయన నరసింహ వరండాలోంచి ఏదో అంటే సరేనన్నాను. చుట్టాలొస్తున్నారని చెప్పాడట. నేను ఇంటికి తాళం వేసుకుని బడికి పోయాను. వాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా గడపమీద కూర్చున్నారు.

వాట్సాప్‌లో రాయొచ్చు గదా అంటావు. రోజూ బడి గ్రూపులతో ఆ అద్దంమీద వేలు అరిగిపోతోంది. నీకు కాగితంమీదే రాయాలనిపించింది.

నీతో పని కూడా ఉంది. మా మండలంలో తెలుగు టీచర్లం కలిసి పిల్లల కోసం మన సీమ మాటల పుస్తకం చేస్తున్నాం. తలా ఒక భాగం పంచుకుంటే నాకు చప్పుళ్ల మాటలు వచ్చాయి. చెవిటిదానికి చప్పుళ్లు ఇచ్చారు చూడు! ‘గ’లో గుసగుస దగ్గర ఆగాను. ఇప్పటికి మూడు అర్థాలు రాశాను. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పే మాట. ఊళ్లో నోటినోటికీ పాకే మాట. ఎండిన జొన్నాకు గాలికి కదిలితే వచ్చే సవ్వడి. మీ పడమటి ఊళ్లలో కన్నడం కలిసి ఇంకెలా వాడతారో విని రాయి. నీ చెవులు మంచివి గదా.

మీ ఆయన గంగాధరం గారి ఆరోగ్యం ఎట్లుంది? అంగడి ఎట్లుంది?

నీ
నాగజ్యోతి

•

ఆలూరు,
17 ఆగస్టు 2024

జ్యోతీ,

ఎన్నాళ్లకు నీ చేతిరాత చూశాను! చెవుల సంగతి చదివి బాధపడ్డాను. ఒక మాట ముందే చెప్పి ఉంటే నిన్ను అన్ని తిట్లు తిట్టేదాన్ని కాదు.

ఇక్కడ గుసుగుసు అంటారు. కొత్త పట్టుచీర కట్టుకుని నడిస్తే గుసుగుసుమంటుందని మా అత్త అంటుంది. అంగడికి వచ్చే ఆడవాళ్లు ఆ చప్పుడు విని మరీ చీర కొంటారు. ఇంకొకటి మా ఇంట్లోనే ఉంది. మా ఆయన గుండెలో ఏదో చప్పుడు వినబడుతోందని కర్నూలు డాక్టరు చెప్పాడు. కవాటం సరిగా మూసుకోక నెత్తురు కొంచెం వెనక్కి జారుతుందట, ప్రమాదమేమీ లేదట. అప్పటినుంచీ ఈయన వచ్చినవాళ్లందరికీ, “నా గుండె డాక్టరుతో గుసగుసలాడింది” అని చెప్పుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. కూర్చుని చదువు.

పోయిన సోమవారం మా బట్టల అంగడికి ఒక ముసలామె వచ్చింది. మనవరాలికి యూనిఫారం బట్ట కావాలంది. నేను తాను విప్పి బట్ట కోస్తుంటే ఆమె గోడమీది బోర్డుకేసి తలెత్తి, పెదాలు కదిలీ కదలకుండా, “కొ... న్న... కొన్న. బ... ట్ట... లు. వా... ప... సు...” అని లోగొంతులో చదువుతోంది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు జ్యోతీ. ముఖం చూశాను. మోచేతి కింద గంజి పడి కాలిన మచ్చ చూశాను. కడపలో మన హాస్టల్లో వంటచేసిన సిద్దమ్మక్క.

నీకు గుర్తుండే ఉంటుంది. ఎనభై ఎనిమిది, మనం ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారం మధ్యాహ్నం నేను సామాన్ల గది పక్కనుంచి పోతున్నాను. తలుపు వేసి ఉంది. లోపల రెండు గొంతులు. ఒకటి చిన్నగా ఏదో అంటుంది, రెండోది దాన్నే తిరిగి అంటుంది. గోడకు హాస్టలుకు కట్టెలు తెచ్చే ఓబుళేశు సైకిలు ఆనించి ఉంది. నేను కొళాయి దగ్గరికి పోయి, “సామాన్ల గదిలో గుసగుసలు వినబడుతున్నాయే” అన్నాను. అంతే అన్నాను. సాయంత్రానికి అది సిద్దమ్మక్కకూ ఓబుళేశుకూ అంటగట్టి అరవైమంది నోళ్లలో పడింది. పొద్దున వార్డెనమ్మ సిద్దమ్మక్కను పంపేసింది.

ఇన్నేళ్లూ నేను విన్నది నిజమే గదా అనుకుంటూ వచ్చాను. ఉన్నది చెప్పాను, అందులో నా తప్పేముందని సర్దుకున్నాను. కాదు. ఆ రోజు నేను విన్నది చదువు. ఎవరో చెబుతుంటే ఆమె అప్పజెబుతోంది. నీ పుస్తకంలో ఆ అర్థం లేదు, రాసుకో. కూడబలుక్కుని లోగొంతులో చదవడం.

నేనెవరో చెప్పే ధైర్యం లేకపోయింది. లావయ్యాను, కళ్లద్దాలు వచ్చాయి, ఆమె గుర్తుపట్టలేదు. “చదువు వచ్చా అవ్వా?” అన్నాను.

“కొంచెం వస్తాదమ్మా. శానా ఏండ్ల కింద ఒక పిల్ల నేర్పిచ్చింది. సగంలో నిలిచిపాయ.”

“ఎవరా పిల్ల?”

“పేరెందుకులేమ్మా ఇప్పుడు” అని బట్ట చంకన పెట్టుకుని పోయింది.

మన హాస్టల్లో ఎవరై ఉంటారు? నీకేమైనా తెలుసా?

వాసవి

•

బద్వేలు,
27 ఆగస్టు 2024

వాసవీ,

గంగాధరం గారిని ఉప్పు తగ్గించమను. మీ అత్త చెప్పిన పట్టుచీర ఉదాహరణ బాగుంది, పుస్తకంలో పెడుతున్నాను.

సిద్దమ్మక్క సంగతి గురించి నువ్వు అంత మనసు కష్టపెట్టుకోవద్దు. పదిహేడేళ్ల పిల్లవి, విన్నది అన్నావు. ఆమె లోపల ఒక్కతే కూర్చుని దేవుడి స్తోత్రమేదో చదువుకుంటూ ఉండవచ్చు. ఎవరు నేర్పారో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? చదువంటే ఆశ ఉన్న మనిషి, పాపం. ‘ణ’కూ ‘న’కూ తేడా పట్టుబడక తన నెత్తిన తనే మొట్టుకునేది. ఇప్పుడు మనవరాలిని బడికి పంపుతోంది గదా, అది చాలు. పాత సంగతులు తవ్వి ఆమెను మళ్లీ ఎందుకు బాధపెట్టడం?

బడిలో పరీక్షలు. ఎక్కువ రాయలేకపోతున్నాను.

జ్యోతి

•

ఆలూరు,
5 సెప్టెంబరు 2024

నాగజ్యోతికి,

ఆమె నెత్తిన మొట్టుకునేదని నీకెలా తెలుసు? నేను రాయలేదు. హాస్టల్లో సిద్దమ్మక్క పుస్తకం పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఐదో తరగతి చదివానని చెప్పి వంటపనిలో చేరిందని మాత్రం అందరికీ తెలుసు.

ఆ ఆదివారం కొళాయి దగ్గర నిన్ను వెతికాను. ముందు నీకే చెబుదామనుకున్నాను. నీ మంచం ఖాళీగా ఉంది. తలనొప్పిగా ఉంటే మిద్దెపైన పడుకున్నానని తర్వాత చెప్పావు. ఆ ఎండకు మిద్దెపైన ఎవరైనా పడుకుంటారా? అప్పుడు నాకు తట్టలేదు.

సిద్దమ్మక్క నిన్న మళ్లీ వచ్చింది. నీళ్లిచ్చి కూర్చోబెట్టి మాటల్లో పెట్టాను. హాస్టల్ నుంచి పంపేశాక రాయచోటి పక్కన వాళ్ల ఊరికి పోతే, ఆమెకంటే ముందే ఆ మాట అక్కడికి చేరిందట. మొగుడు గడప తొక్కనీయలేదు. ఐదేళ్ల కొడుకును కూడా ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇక్కడ తన అక్క ఊరికి వచ్చి పత్తి తీతకూ ఉల్లి కోతకూ పోయి బతికింది. కొడుకు పెద్దవాడయ్యాక తనే వెతుక్కుంటూ వచ్చాడట. “అప్పటికి వానికి మీసాలు వచ్చినాయమ్మా. ఎవరప్పా నువ్వు అని అడిగితి నా కొడుకునే” అంది.

ఇది నీకు రాయాలనిపించింది. నువ్వు కూడా రాయవలసింది ఏదైనా ఉంటే రాయి.

వాసవి

•

బద్వేలు,
18 సెప్టెంబరు 2024

వాసవీ,

నేనే.

మూడు కాగితాలు రాసి చించాను. ఈ ఒక్క మాట రాయడానికి.

ఆ వేసవిలో ఒకరోజు సిద్దమ్మక్క వంటింటి వెనక కూర్చుని ఏడుస్తుంటే చూశాను. పని పర్మినెంటు కావాలంటే ఆఫీసరు ముందు నాలుగు వరుసలు చదివి చూపించాలట. “అబద్ధం చెప్పి చేరినా జోతమ్మా. నాకు అ ఆ గూడ రాదు” అంది. నేను నేర్పుతానన్నాను. టీచరు కావాలని అప్పటికే నా కోరిక గదా, నాకూ సరదాగా ఉండింది. ఎవరికీ తెలియకూడదని ఆదివారాలు సామాన్ల గదిలో కూర్చునేవాళ్లం. బియ్యం మూటమీద పలక పెట్టుకుని నేను చిన్నగా చెప్పేదాన్ని, ఆమె చిన్నగా అనేది. ఓబుళేశు గది వెనక కట్టెలు పేర్చుకుంటూ ఉండేవాడు. మేము లోపలున్నట్టు అతనికి కూడా తెలియదు.

నీకు గుర్తుందో లేదో, ఆ నెలలోనే బెల్లం పోయిందని వార్డెనమ్మ గోల చేసింది. ఏ పిల్ల సామాన్ల గదిలో కాలుపెట్టినా టీసీ ఇచ్చి ఇంటికి పంపుతానంది. మా నాయన అప్పటికే మేనమామ కొడుకుతో పెళ్లి మాట అనుకుని ఉన్నాడు. చదువు ఆగితే ఆ నెలలోనే పెళ్లి. నేను సిద్దమ్మక్కతో చేతిలో చెయ్యి వేయించుకుని, నా పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

మరుసటి పొద్దున అందరినీ వరుసగా నిలబెట్టారు. నువ్వు నా ముందు వరుసలో ఉన్నావు. వార్డెనమ్మ, “లోపల నీతో ఉన్నదెవరు?” అని అడిగింది. సిద్దమ్మక్క తలవంచుకుని నిలబడింది. వార్డెనమ్మ మళ్లీ అడిగింది. సిద్దమ్మక్క తలెత్తి ఒక్కసారి నావైపు చూసింది. చెప్పమనే చూపు కాదు అది. నేనే చెబుతానేమోనని చూసిన చూపు. నేను కాళ్లవైపు చూసుకున్నాను. ఓబుళేశు, “నేను బయట కట్టెలు పేరుస్తాంటినమ్మా, నాకేం తెలీదు” అని చేతులు జోడిస్తే ఎవరూ వినలేదు.

నేను చెబితే ఆమెకు చదువు రాదన్న సంగతి బయటపడుతుంది, ఎటూ పని పోతుంది గదా అని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, పని పోయేది. కానీ పని ఒక్కటే పోయేది.

నువ్వు నాతో ఆ మాట ఎప్పుడెత్తినా విషయం మార్చాను. పుస్తకంలో ఆ అర్థం రాయకుండా వదిలేసింది మరిచిపోయి కాదు.

ఇప్పుడు నువ్వు ఏమన్నా పడతాను.

జ్యోతి

•

ఆలూరు,
29 సెప్టెంబరు 2024

జ్యోతీ,

నేను చెడ్డమాట అన్నాను. అది నాదే, నీమీదికి నెట్టను. కానీ నువ్వు ఆ పొద్దున ఒక్క మాట అని ఉంటే నా తప్పు అక్కడితో అయిపోయేది. అందరి ముందు సిగ్గుపడి, ఆమె కాళ్లు పట్టుకుని, అంతటితో పోయేది. నా తప్పుకు ముప్పై ఆరేళ్లు నువ్వు నీళ్లు పోశావు. నా మాట అబద్ధమని తెలిసీ నా పక్కన పడుకున్నావు, నా పెళ్లికి వచ్చి నాకు జడ వేశావు. ఎప్పుడైనా నన్ను చూసి నీకు లోపల హాయిగా ఉండేదా? చెప్పినది ఇది గదా, నేను కాదు గదా అని? నాకు జవాబు అక్కర్లేదు.

ఇవాళ పొద్దున సిద్దమ్మక్క ఇంటికి పోయి నేనెవరో చెప్పాను. “ఆ కొళాయికాడి పిల్లవా?” అంది. తర్వాత, “చిన్నపిల్లవు. విన్నదేందో నీకు తెలీదు గదా” అంది. టీ పెట్టి ఇచ్చింది. తాగలేకపోయాను.

నీ పేరు నేను ఎత్తలేదు. అది నువ్వే వచ్చి ఎత్తాలి. దసరా సెలవులు గదా, రా. మా ఇంట్లోనే దిగు. నీతో నాకు మాటలు లేకపోయినా అన్నం పెడతాను.

వాసవి

•

బద్వేలు,
14 అక్టోబరు 2024

వాసవీ,

క్షేమంగా చేరాను.

నిన్ను ఒకటి అడగాలి. అక్కడే అడగాల్సింది, సిగ్గేసింది. సిద్దమ్మక్క నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది గదా, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనే పిండిమర తిరుగుతోంది. ఆమె నోట్లో పళ్లు లేవు, తల వంచుకుని మాట్లాడింది, పెదాలు పట్టుకోలేకపోయాను. మిషన్ ఎంత పెంచినా గుసగుసే. నేను చెప్పదలుచుకున్నదంతా చెప్పేసిన తర్వాత, వినబడలేదు మళ్లీ చెప్పు అని అడగడానికి నోరు రాలేదు. చెయ్యి పట్టుకుంది గనక మంచిమాటే అనుకున్నాను. నవ్వాను. తల ఊపాను. “అవునక్కా” అన్నాను.

అప్పుడు నీ ముఖం చూశాను. నువ్వు నన్ను చూస్తున్న తీరు చూశాను.

ఆమె ఏమందో రాయి. నా మనసు కోసం ఏమీ మార్చవద్దు, తగ్గించవద్దు.

జ్యోతి

•

ఆలూరు,
22 అక్టోబరు 2024

జ్యోతీ,

రాయకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. కానీ వద్దు. మనమిద్దరం చెప్పకుండా ఉంచుకున్నవి చాలు.

ఆమె అన్నది ఇది. గుర్తున్నంతవరకు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

“ఆ పొద్దు వార్డెనమ్మ గేటు బయటికి పంపినంక నేను ఊరికి పోలేదు జోతమ్మా. కడప బస్టాండులోనే కూకుంటి. మూడు దినాలు. నువ్వు వస్తావని. సాయంత్రం కాలేజీ ఇడిసినప్పుడు పిల్లోళ్లు వస్తాంటే లేసి నిలబడతాంటి. మీ హాస్టలోళ్లు ఇద్దరు నన్ను జూసి మొగం తిప్పుకొని పాయిరి. నాలుగో దినం బస్సెక్కితి. మొగుడు ఇడిసిపెట్టిన్యాడని నాకంత బాధ లేదు. ఆయప్ప యట్లాటోడో నాకు తెలుసు. నా బిడ్డను నాకు లేకుండా జేసినారే, దానికి ఏడిస్తి. నువ్వు టీచరైనావంట గదా. పిల్లోళ్లకు చదువు చెప్పేటప్పుడు నేను యప్పుడన్నా గుర్తుకొస్తానా? రాలేదులే, వచ్చింటే ముందే వచ్చుంటావు.”

నువ్వు నవ్వింది అప్పుడే. తల ఊపి అవునక్కా అన్నది అప్పుడే.

ఆమె చెయ్యి వదిలేసి లోపలికి పోయి నీకు మజ్జిగ తెచ్చింది. అది నీకు తెలుసు, తాగావు గదా.

నీకు వినబడలేదని నేను ఆమెతో చెప్పలేదు. చెబితే బాగుండేదేమో. ఆ క్షణాన నీమీద అంత కోపం వచ్చింది నాకు. ఇప్పుడు నాకూ సిగ్గుగా ఉంది. ఇది కూడా రాయకుండా ఉండలేను.

వాసవి

•

బద్వేలు,
3 నవంబరు 2024

సిద్దమ్మక్కకు,

నీకు చదవడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

అక్కా, నాకు చెవులు వినబడవు. ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినబడలేదు. వినబడలేదని చెప్పకుండా నవ్వాను. నువ్వు ఏమన్నావో వాసవి రాసింది. ఇప్పుడు తెలిసింది.

నువ్వు బస్టాండులో ఉన్నావని నాకు తెలుసు. మొదటి రోజే పిల్లలు వచ్చి చెప్పారు. నేను బస్టాండు ముందునుంచి రాకుండా కాలేజీనుంచి సందుల్లో చుట్టు తిరిగి హాస్టలుకు పోయాను. మూడు రోజులూ ఆ దారినే పోయాను. ఇది వాసవికి కూడా చెప్పలేదు.

నువ్వు గుర్తుకు వచ్చేదానివి. అయినా రాలేదు. గుర్తుకు రాకపోవడం కంటే ఇది ఎక్కువ తప్పు.

వచ్చే నెల ఎనిమిదిన కడపలో మన హాస్టల్ పాత పిల్లలం కలుస్తున్నాము. ఆ రోజు వరుసలో నిలబడినవాళ్లు చాలామంది వస్తారు. సామాన్ల గదిలో నీతో ఉన్నది నేనేనని వాళ్ల ముందు చెబుతాను. వాసవి కూడా లేచి మాట్లాడుతుంది. నీకు పోయినది దీనితో తిరిగి రాదని తెలుసు.

నన్ను క్షమించమని అడగడం లేదు.

నాగజ్యోతి

•

ఆలూరు దగ్గర,
డిసెంబరు 15

జోతమ్మకు సిద్దమ్మ రాసేది.

నీ జాబు నేనే చదువుకొంటి. మనవరాలు చదువుతానంటే వద్దంటి. రాని అక్షరాలు మాత్రం దాన్ని అడుక్కోని నాలుగు దినాలుగా ఇది రాస్తాండా.

కడపలో నువ్వు అందరి ముందర చెప్పినావని వాసవమ్మ వచ్చి చెప్పింది. శానామంది ఏడిసినారంట. ఇద్దరు లేసి పాయిరంట. సరే.

బస్టాండులో నేను కూకునింది నిన్ను వార్డెనమ్మ కాడికి తీసకపోవల్లని కాదు. నువ్వు వచ్చుంటే నేనే నిన్ను వాపసు పంపుతాంటి. పో, బాగా చదువుకోపో అని చెప్పల్లనుకుంటి. నువ్వు ఒక్కసారి వచ్చుంటే చాలు.

నాకు చెప్పినావు. హాస్టలోళ్లకు చెప్పినావు. ఓబుళేశుకు ఎవరు చెప్తారు? ఆయప్ప చచ్చిపోయి పదేండ్లయింది. ఆయప్ప పెండ్లాం భీమమ్మ సిద్దవటంలో కూతురు కాడ ఉండాది. ఒక పెండ్లిలో నా కొడుకుకు కనపడిందంట. ఆయమ్మ ఆయప్ప సచ్చేదాంక మొగునితో ఆ మాటే అని కొట్లాడిందంట. ఇప్పటికీ నన్ను తిడతాదంట.

బద్వేలుకు సిద్దవటం దగ్గరే గదా. జాబు రాయొద్దు. ఆయమ్మకు చదువు రాదు. పోయి నోటితో చెప్పు.

సిద్దమ్మ